వారానికో గంట: ఇంటి కూడికను కుదుర్చుకొని నిలబెట్టుకొనే పద్ధతి

ఆదివారం ఆరాధనకు తప్పకుండా వెళ్లే కుటుంబాలు కూడా, మిగిలిన ఆరు రోజుల్లో తోటి విశ్వాసులతో కలిసి వాక్యం చదువుకోవడానికీ, ఒకరి కష్టం ఒకరు విని ప్రార్థించుకోవడానికీ తీరిక దొరకడం లేదని బాధపడుతుంటాయి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఏ సంఘంలో అడిగినా ఈ మాట వినబడుతుంది, అందులో అబద్ధమేమీ లేదు. అయితే తీరిక దొరికినప్పుడు కూడుకొందామని వాయిదా వేసిన కూడిక ఎన్నటికీ జరగదు. ఊరి పనిపాటలను లెక్కలోకి తీసుకోకుండా ఎవరో ఒకరి వీలును బట్టి పెట్టిన కూడిక నాలుగు వారాలు నడిచి ఆగిపోతుంది. అందువల్ల సహవాసానికి సమయం కావాలంటే, మీ ఊరి పని వేళలకు సరిపడే ఒక గంటను ముందుగా ఖాయం చేసుకోవాలి, ఆ గంటను మోయలేనంత బరువుగా మార్చే మైకును, విందును, పెద్ద ప్రసంగాన్ని మొదటి రోజు నుంచే దూరంగా ఉంచాలి. ఈ రెండూ ఎలా చేయాలో కింద వరుసగా చెప్పాను.

ముందుగా ఎవరితో మాట్లాడాలి

ఎవరితోనూ చెప్పకముందు మీ సంఘ కాపరిని కలవండి. ఇంటి కూడిక ఆదివారం ఆరాధనకు పోటీ కాదనీ, వేరే సంఘం పెట్టే ఆలోచన లేదనీ, కానుకలు పట్టే ఉద్దేశం లేదనీ ఆయనకు మీ నోటి నుంచే తెలియాలి. ఈ మాట మూడో మనిషి ద్వారా చేరితే, మంచి మనసుతో మొదలుపెట్టిన పని కూడా అనుమానానికి తావిస్తుంది. మన ప్రాంతంలో సంఘాలు చీలిన సందర్భాల్లో చాలావరకు, వెనక్కి వెళ్లి చూస్తే, ఇటువంటి చెప్పని మాట ఒకటి ఉంటుంది. కాపరి మొదటి కూడికకు వచ్చి ప్రార్థన చేసి వెళ్తే చాలు, ప్రతివారం ఆయన రావాలని పట్టుబట్టకండి. నాలుగైదు ఊళ్లు తిరిగే మనిషికి మీ కూడిక ఇంకొక భారం కాకూడదు, ఆయన రాని వారం కూడిక ఆగిపోకూడదు.

తరువాత రెండు మూడు కుటుంబాలను ఎంచుకోండి. నడిచి రాగలిగినంత దూరంలో ఉన్నవారినే అడగండి. ఎంత ఆత్మీయులైనా పది కిలోమీటర్లు బండి మీద రావలసినవారు వానాకాలంలో మానేస్తారు, వారు మానేయడం చూసి మిగిలినవారి ఉత్సాహం తగ్గుతుంది. అందరూ ఒకే వయసువారు కాకుండా చూసుకోండి. ఇంటర్ చదివే పిల్లవాడు, కొత్తగా పెళ్లై వచ్చిన కోడలు, పాత కీర్తనలన్నీ నోటికి వచ్చిన పెద్దమ్మ ఒకే చాప మీద కూర్చొన్న కూడికలో ఒకరి నుంచి ఒకరు నేర్చుకొనేది ఎక్కువగా ఉంటుంది.

సంఖ్య తక్కువని సంకోచించనక్కరలేదు. ఒంగోలులోని ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1న తెల్లవారుజామున మోకాళ్లూనినవారు ఐదుగురే: నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని వారు చేసిన ప్రార్థనకు జవాబుగా జాన్ క్లౌ ఆ ఊరు చేరింది 1866లో, అంటే పన్నెండేళ్ల తరువాత. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతిని వేదికల మీద తరచుగా చెబుతారు గానీ, ఇంటి కూడిక పెట్టదలచినవారు గుర్తుంచుకోవలసింది ఆ పెద్ద సంఖ్యను కాదు. ఐదుగురు కూడారన్నదీ, ఫలితం కంటికి కనబడకుండా పన్నెండేళ్లు గడిచాయన్నదీ మీకు ఎక్కువ పనికివచ్చే విషయాలు.

గంటను ఎంచుకోవడం

ఈ పనికి ఒక సాయంత్రమంతా కేటాయించండి, ఎందుకంటే మిగిలినదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద సోమవారం నుంచి శనివారం వరకు ఆరు గడులు గీసి, ఒక్కొక్క గడిని తెల్లవారుజాము, పగలు, సాయంత్రం, రాత్రి అని విడదీయండి. ప్రతి ఇంటివారినీ ‘మీకు ఎప్పుడు వీలు’ అని అడగకండి. అలా అడిగితే మొహమాటానికి ‘ఎప్పుడైనా ఫరవాలేదు’ అంటారు. ‘ఏ వేళల్లో అసలు కుదరదు’ అని అడిగి ఆ గడులను కొట్టివేయండి. చివరికి మిగిలిన గడుల్లో నుంచి ఒకటి ఎంచుకోండి.

కొట్టివేయవలసిన గడులు ఊరిని బట్టి మారుతాయి. కొండపి, టంగుటూరు వైపు పొగాకు పండించే ఊళ్లలో అక్టోబరు, నవంబరు నెలల్లో నాట్లు పడితే, జనవరి నుంచి ఆకు రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలవుతాయి. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు వేసిన రోజుల్లో మంట తగ్గకుండా, పెరగకుండా రాత్రంతా కాచుకొని ఉండాలి గనుక, ఆ ఇంటి మగవారిని రాత్రి కూడికకు రమ్మనడంలో అర్థం లేదు. ఆ తరువాత ఆకును గ్రేడులుగా విడదీసే పనిలో ఆడవారు పొద్దుపోయేదాకా కూర్చొంటారు. అటువంటి ఊళ్లో జనవరి నుంచి ఏప్రిల్ వరకు తెల్లవారుజామున ఐదు గంటలకు కలుసుకోవడమో, ఆదివారం ఆరాధన ముగిసిన వెంటనే మరో గంట ఆగడమో మేలు. బ్యారన్ దగ్గరే నలుగురు కూర్చొని చదువుకొన్నా తప్పేమీ లేదు. మంట చూసుకొంటూనే వాక్యం వినవచ్చు.

ఇందుకూరుపేట, అల్లూరు మండలాల్లో రొయ్యల గుంటల మీద పనిచేసేవారికి మేత వేసే వేళలు తప్పనిసరి. రాత్రి నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్య చచ్చిపోతుంది గనుక కాపలా మనిషి గట్టు దిగడు. వారికి మధ్యాహ్నం మేతకూ సాయంత్రం మేతకూ నడుమ ఉండే ఖాళీయే వీలు. కొత్తపట్నం, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాల్లో వేటకు వెళ్లే వేళను గాలి, నీటి పోటు నిర్ణయిస్తాయి. అక్కడ ఒక వారాన్ని, ఒక వేళను బిగించి పెట్టడం కష్టం. అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే 61 రోజుల్లో మరపడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి, ఆ రెండు నెలల్లో వారానికి రెండుసార్లు కూడి, మిగిలిన కాలంలో ఆడవారు, పెద్దవారు కూడికను నడిపించుకొనే ఏర్పాటు చేసుకోవచ్చు. చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు వారం వారం మారేవారు ఉంటే, కూడికను రెండు వేర్వేరు రోజులకు మార్చి మార్చి పెట్టి, ఎవరూ వరుసగా రెండు వారాలు తప్పిపోకుండా చూడాలి. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కే పిల్లలు ఉన్న ఇంటికి రాత్రి తొమ్మిది దాటితే నిద్ర వేళ. ఇక పడమటి మండలాల్లో నీళ్ల ట్యాంకరు వచ్చే వేళకు ఏ కూడికా ఆగదు, ఆపే ప్రయత్నం చేయకండి.

ఇప్పుడు ఆడవారి సంగతి. రాత్రి ఏడు గంటలకని పెట్టిన కూడికలకు మగవారు వేళకు వచ్చి కూర్చొంటారు, ఆడవారు పొయ్యి మీద అన్నం దించి, పిల్లలకు పెట్టి, పాట అయిపోయి వాక్యం సగంలో ఉండగా వస్తారు. సంఘంలో ప్రార్థనకు ఆధారంగా నిలిచేది వారే అయినప్పుడు, వారికి కుదరని వేళను ఎంచుకోవడం అన్యాయం. భోజనాలు ముగిసిన తరువాత ఎనిమిదింబావుకు పెట్టండి, లేదా ఆ ఒక్కరోజు వంటను మగవారు చూసుకోవాలని ముందే ఒప్పందం చేసుకోండి. రెండోది వినడానికి నవ్వుగా ఉన్నా, ఆ ఇంట్లో విశ్వాసం ఎంత ఎదిగిందో తెలుసుకోవడానికి నాకు తెలిసినంతలో అంతకన్నా మంచి కొలత లేదు.

వేళ ఖాయమైన తరువాత ఇద్దరే వచ్చినా ఆ వేళకే మొదలుపెట్టండి, గంట కాగానే ముగించండి. ఆలస్యంగా వచ్చినవారి కోసం ఆగితే, వేళకు వచ్చినవారు మరుసటి వారం ఆలస్యంగా వస్తారు. ముగింపు వేళ తెలియని కూడికకు పొద్దున్నే పనికి వెళ్లవలసినవాడు రాడు. పౌలంతటివాడు త్రోయలో అర్ధరాత్రి దాకా బోధిస్తుంటే, కిటికీలో కూర్చొన్న ఐతుకు అనే యువకుడు నిద్రలో జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడని అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం చెబుతున్నది. పౌలు అతనిని లేపగలిగాడు. మనకు ఆ వరం లేదు కాబట్టి తొమ్మిదింబావుకు ముగించడమే క్షేమం.

ఇల్లు, చాప, టీ

కూడిక ఒకే ఇంట్లో స్థిరపడకుండా వారానికొక ఇంట్లో జరగాలి. ఒకే ఇంట్లో జరిగితే కొన్నాళ్లకు అది ఆ ఇంటివారి కూడిక అవుతుంది, వారికి కష్టం వచ్చిన నెలలో ఆగిపోతుంది. తొలినాటి సంఘం ఇళ్లలోనే కూడింది: డేరాలు కుట్టి బతికిన అకుల ప్రిస్కిల్లల ఇంట్లో, ఫిలేమోను ఇంట్లో, కొలొస్సయి పత్రికలో కనబడే నుంఫా ఇంట్లో. వారిలో కొందరు కలవారు, కొందరు చేతిపనివారు. మీ వరుసలో కూడా రేకుల ఇల్లూ, మిద్దె ఇల్లూ రెండూ ఉండాలి.

ఇళ్లు మారడంలో మరొక సంగతి బయటపడుతుంది, దానిని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఆదివారం ఒకే బల్ల దగ్గర ప్రభు రాత్రి భోజనం తీసుకొన్నవారే, కొందరి వీధిలోకి నడవడానికీ, కొందరి ఇంట్లో గ్లాసు అందుకోవడానికీ వెనకాడటం మన సంఘాల్లో ఇంకా ఉన్నది. ఈ సంకోచం ఒక కులానికీ మరొక కులానికీ నడుమ ఉంటుంది, ఒక్కోసారి అవమానాన్ని తరతరాలుగా భరించిన రెండు కులాల నడుమ కూడా ఉంటుంది. దీని గురించి ప్రసంగాలు పెట్టనవసరం లేదు. ఇళ్ల పేర్లను చీటీలుగా రాసి తీసి, వచ్చిన వరుసలోనే వెళ్లండి. ఎవరైనా ఒక ఇంటి వంతు వచ్చిన వారమే తరచుగా జబ్బుపడుతుంటే, వారిని ఒంటరిగా కలిసి మెల్లగా మాట్లాడండి. ఉంగరం పెట్టుకొని వచ్చినవానికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవానిని నేల మీద కూర్చోమనడం తప్పని యాకోబు రెండో అధ్యాయంలో రాశాడు గనుక, కుర్చీలు తెప్పించకుండా అందరూ చాపల మీదే కూర్చోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి మాత్రం కుర్చీ వేయండి.

తినడం తాగడం విషయంలో మొదటి వారమే గట్టి నియమం పెట్టుకోండి: టీ, అంతకు మించి ఏమీ వద్దు. మొదటి ఇంట్లో టీ ఇస్తారు, రెండో ఇంట్లో బిస్కట్లు కలుస్తాయి, మూడో ఇంట్లో ఉప్మా, నాలుగో ఇంట్లో కోడికూర. ఐదో ఇంటివారు కూలి డబ్బులతో అంత చేయలేక, ఆ వారం ఊళ్లో ఉండటం లేదని కబురు పంపుతారు. కొరింథులో సహవాస భోజనమే పేదవానికి సిగ్గుగా మారిందని పౌలు మందలించిన సంగతి మొదటి కొరింథీ పత్రిక పదకొండో అధ్యాయంలో ఉన్నది. పెట్టగలిగినవారికి పెట్టాలనే ఉంటే క్రిస్మస్‌కు అందరూ కలిసి వండుకొనే ఒక పూట ఉండనే ఉన్నది.

మైకు వద్దు. పది మందికి వినబడటానికి గొంతు చాలు. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలో, జబ్బు మనిషో ఉండవచ్చు. వారు మరో మతంవారైతే, మీ పాట శబ్దం కన్నా ముందు మీ మర్యాద వారికి తెలియాలి. డోలక్ ఉంటే మెల్లగా వాయించండి, కంజీర ఇంకా మంచిది.

ఆ గంటలో ఏం చేయాలి

గంటను సమాన భాగాలుగా పంచవద్దు. పది నిమిషాలు పాట, కృతజ్ఞత. అరగంటకు పైగా వాక్యం. మిగిలినది మనవులకు, ప్రార్థనకు. పాట అందరికీ నోటికి వచ్చినదై ఉండాలి. కొత్త పాట నేర్పాలనుకొంటే నెలకొకటి చాలు.

వాక్యం దగ్గర చాలా కూడికలు దారి తప్పుతాయి. ఎవరో ఒకరు లేచి ఆదివారం ప్రసంగం వంటిదే మరొకటి చేస్తారు, మిగిలినవారు తల ఊపుతారు, ఇంటికి వెళ్లిన తరువాత ఏమి విన్నామో గుర్తుండదు. ఇంటి కూడికలో ప్రసంగం వద్దు. ఒకే పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా కొద్దికొద్దిగా చదవండి. మొదలుపెట్టడానికి మార్కు సువార్త అనువైనది: పదహారు అధ్యాయాలే, కథనం చురుకుగా సాగుతుంది, వారానికి ఒక సంఘటన చొప్పున చదివితే ఏడాదికి పైగా వస్తుంది. అది ముగిసిన తరువాత యాకోబు పత్రికను గానీ, ఫిలిప్పీయులకు రాసిన పత్రికను గానీ తీసుకోవచ్చు. ప్రకటన గ్రంథంతో మొదలుపెట్టాలని ఎవరైనా ఉత్సాహపడతారు. ఆ ఉత్సాహాన్ని రెండేళ్లు వాయిదా వేయించండి.

పద్ధతి ఇది. భాగాన్ని ఇద్దరు ఒకరి తరువాత ఒకరు నిదానంగా బిగ్గరగా చదవాలి, వారిలో ఒకరు పిల్లలో, యువకులో అయితే మంచిది. తరువాత పుస్తకాలు మూసి, చదవడం రాని ఒకరిని ఆ సంఘటనను తమ మాటల్లో చెప్పమనండి. చదవడం వచ్చినవారు దాటిపోయిన వివరాలను వినికిడి మీదే ఆధారపడినవారు పట్టుకోవడం మీరు చూస్తారు. చదువురాని పెద్దమ్మ అప్పటిదాకా కేవలం వినేవారిగా ఉండి, ఆ రోజు నుంచి చెప్పేవారవుతారు. ఆ పైన మూడు ప్రశ్నలు అడగండి: ఇక్కడ ఏమి జరిగింది, ఇందులో ప్రభువు ఎటువంటివాడని తెలుస్తున్నది, వచ్చే వారంలోగా నేను చేయవలసినది ఏమిటి.

ఉదాహరణకు రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వచ్చిన సంఘటన తీసుకోండి. మొదటి ప్రశ్నకు వివరాలు రాబట్టండి: ఊరు కపెర్నహూము, ఇల్లు కిక్కిరిసి ఉన్నది, వాకిట కూడా చోటు లేదు, నలుగురూ పైకి ఎక్కి కప్పు విప్పి పరుపును దించారు. ఇక్కడ ఎవరో ఒకరు ‘మరి ఆ ఇంటాయన ఏమన్నాడో’ అంటారు, నవ్వనివ్వండి. రెండో ప్రశ్నకు వచ్చేసరికి ఐదో వచనాన్ని మళ్లీ చదివించండి. యేసు ‘వారి విశ్వాసము చూచి’ అని అక్కడ ఉన్నది. వారి విశ్వాసం అంటే ఎవరిది, పడుకొని ఉన్నవాడిదా, మోసినవారిదా అని అడిగి, రెండు నిమిషాలు మౌనంగా ఆగండి. ఆ మౌనానికి భయపడి మీరే జవాబు చెప్పేయకండి. కాసేపటికి ఎవరో ఒకరు, మోసినవారి విశ్వాసం కూడా లెక్కలోకి వచ్చిందని అంటారు. తాను ప్రార్థించలేని రోజుల్లో ఇంకొకరు తన కోసం నిలబడవచ్చని ఆ మాట ద్వారా తెలుసుకొన్నవారికి, సహవాసం ఎందుకన్న ప్రశ్నకు విడిగా జవాబు చెప్పనక్కరలేదు.

మూడో ప్రశ్నను గాలిలో వదిలేయకండి. ‘ప్రేమ కలిగి ఉండాలి’ అన్న జవాబును అంగీకరించవద్దు. ఎవరి పట్ల, ఏ రోజు, ఏ పని ద్వారా అని అడగండి. పై సంఘటన చదివిన వారం, చూపు మందగించిన ఒక పెద్దాయనను ఒంగోలులో గానీ, నెల్లూరులో గానీ పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి ఓపీ వరుసలో నిలబడటం సరైన జవాబు. తీసుకువెళ్లేది ఎవరు, ఆ రోజు కూలి పోతే ఎలా, బస్సు చార్జీ ఎవరు పెడతారు అన్నది అక్కడికక్కడే తేల్చుకోండి. వచ్చే వారం కూడికను ‘పోయిన వారం అనుకొన్నది ఏమైంది’ అన్న మాటతో మొదలుపెట్టండి. చేయలేకపోయినవారిని నిందించకుండా, మళ్లీ చేయడానికి తోడు ఎవరు వస్తారని అడగండి. హెబ్రీ పత్రికలో ‘సమాజముగా కూడుట మానక’ అన్న మాట చుట్టూ ఉన్నది కూడా, ప్రేమకూ సత్కార్యాలకూ ఒకరినొకరు పురికొల్పుకొనడమే.

ఎక్కువగా మాట్లాడేవారు ప్రతి కూడికలోనూ ఉంటారు. ‘అన్నా, మీ మాట విన్నాం, ఇప్పుడు అక్క ఏమంటుందో విందాం’ అని నవ్వుతూనే తిప్పండి. బాప్తిస్మం ముంచి ఇవ్వాలా చిలకరించాలా, అన్యభాషలు ఇప్పుడు ఉన్నాయా లేవా అన్న వాదాలు లేచినప్పుడు ఆ సంగతిని కాపరి దగ్గర అడుగుదామని రాసిపెట్టుకొని, చదువుతున్న భాగానికి తిరిగి రండి. బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు, కతోలిక కుటుంబాలు పెళ్లిళ్ల ద్వారా కలిసిపోయిన మన ఊళ్లలో ఇటువంటి వాదం ఒక్క రాత్రిలో ఒక వియ్యాన్నే చెడగొట్టగలదు.

మనవుల పుస్తకం

ఒక నోటుపుస్తకం కొని, తేదీ, మనవి, జవాబు అని మూడు వరుసలు గీయండి. ప్రతి మనవినీ ఒక్క వాక్యంలో రాయండి. ఆరు నెలల తరువాత వెనక్కి తిప్పి చదివినప్పుడు, నెరవేరినవీ, నెరవేరనివీ, మనం అడగడం మరచిపోయినవీ కనబడతాయి. మూడూ విశ్వాసాన్ని పెంచేవే.

ఇక్కడ మూడు జాగ్రత్తలు తప్పనిసరి. చాప మీద విన్న మాట గడప దాటకూడదు. ప్రార్థన మనవి పేరుతో ఒక ఇంటి గొడవను ఊరంతా మోస్తే, ఆ ఇంటివారు మళ్లీ నోరు విప్పరు. పేరు చెప్పడం ఇష్టం లేనివారి మనవిని ‘ఒక సహోదరి’ అని మాత్రమే రాయండి. రెండోది మందుల సంగతి: జబ్బు మనిషి కోసం ఎంత గట్టిగానైనా ప్రార్థించండి గానీ, బీపీ, షుగరు, టీబీ మందులు ఆపమని ఎవరూ, ఏ దర్శనం పేరుతోనూ చెప్పకూడదు. టీబీ మందులు నడుమన ఆపితే జబ్బు మొండికేసి, తరువాత అదే మందుకు లొంగదు. మూడోది డబ్బు. కూడికలో చీటీలు కట్టించవద్దు, అప్పులు ఇప్పించవద్దు, పళ్లెం తిప్పవద్దు. ఎవరికైనా సాయం అవసరమైతే ఆ ఒక్క అవసరానికే పోగుచేసి, ఇద్దరి చేతుల మీదుగా ఇచ్చి, వచ్చిందెంతో ఇచ్చిందెంతో అదే వారం చెప్పేయండి.

మిగిలిన ఆరు రోజులు

వారానికి ఒక గంట మాత్రమే ఉంటే ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది. ఇంట్లో రాత్రి పది నిమిషాల కుటుంబ ప్రార్థనను దానికి జోడించండి. కొత్త భాగం వెతకవద్దు, కూడికలో చదివినదాన్నే పిల్లలతో మళ్లీ చదివించండి. కంఠత వాక్యం వారానికొకటి చాలు; పిల్లలతో పాటు పెద్దలు కూడా అప్పజెప్పాలి.

సెల్‌ఫోను సమయాన్ని తినేస్తుందని తిడుతూనే దాన్ని ఉపయోగించుకోవచ్చు. హైదరాబాదులో కట్టడం పనికీ, బెంగళూరులో ఉద్యోగానికీ, గల్ఫ్ దేశాలకూ వెళ్లిన మీ ఊరివారికి ఆ వారం చదివిన భాగాన్ని ఎవరైనా ఒకరు చదివి వాయిస్ మెసేజ్‌గా పంపండి, మూడు నిమిషాలకు మించకుండా. అక్కడ ఒంటరిగా ఉన్నవాడు తన మనవిని తిరిగి పంపుతాడు, దాన్ని పుస్తకంలో రాయండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజుకు ఒక్క సందేశమే అన్న నియమం పెట్టండి. గులాబీల మీద వచనాలు రాసిన బొమ్మలు పొద్దున్నే నలభై వచ్చే గ్రూపులో ఎవరి మనవీ ఎవరికీ కనబడదు.

కూడిక పలచబడినప్పుడు, పెరిగినప్పుడు

కోతల నెలల్లో, క్రిస్మస్ కార్యక్రమాలు వరుసగా ఉండే డిసెంబరులో, పదో తరగతి పరీక్షలప్పుడు హాజరు తగ్గుతుంది. అది చల్లారిపోవడం కాదు, కాబట్టి కంగారుపడి ప్రత్యేక సభలు పెట్టకండి. వచ్చిన ముగ్గురితో గంటను నడిపించి, రానివారి ఇంటికి వెళ్లి పలకరించండి, ఎందుకు రాలేదని మాత్రం అడగవద్దు. మూడు నెలలకొకసారి గడుల కాగితాన్ని మళ్లీ బయటకు తీసి, పంట మారినట్టే వేళను కూడా మార్చుకోండి. మార్పును రెండు వారాల ముందే చెప్పండి.

కూడికను నడిపించే పని మొదటి మూడు నెలలు మీరు చేసి, నాలుగో నెల నుంచి మరొకరికి అప్పగించండి. మూడు ప్రశ్నలు అడగడం వచ్చినవారు ఎవరైనా ఆ పని చేయగలరు; మోషే ఒక్కడే పొద్దుటి నుంచి సాయంత్రం వరకు ప్రజల తగవులు తీరుస్తుంటే, ఇలాగైతే నువ్వూ నలుగుతావు, వారూ నలుగుతారని మామ యిత్రో చెప్పి, భారాన్ని పంచుకొమ్మన్నాడు. యువకులకు అప్పగించినప్పుడు వెనుక నుంచి సరిదిద్దకండి, ముగిసిన తరువాత ఇంటికి వెళ్లే దారిలో చెప్పండి.

పన్నెండు మంది దాటారంటే అందరికీ మాట్లాడే వంతు రాదు. అప్పుడు రెండు కూడికలుగా విడిపోవాలి. స్నేహాలను బట్టీ, బంధుత్వాలను బట్టీ కాకుండా వీధులను బట్టి విడదీయండి, లేకపోతే పాత గుంపులే కొత్త పేరుతో తిరిగి వస్తాయి. నడిపించడం నేర్చుకొన్న ఇద్దరిలో ఒకరు కొత్త కూడికకు వెళ్లాలి, మనవుల పుస్తకంలో నుంచి ఆ వీధివారి మనవులను కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసుకొని వెళ్లాలి. విడిపోయే సంగతిని కాపరికి ముందే చెప్పి, నెలకు ఒకసారి రెండు కూడికలూ మందిరంలో కలుసుకొనే రోజును ఆయనతోనే ఖాయం చేయించండి. ఆ రోజు కూడా గంటే, టీయే.